మునుపటిలా ఉన్నాడా

నమోదు 1

ఈ రోజు నుంచి రాయమంది పెట్టె. నోటితో చెప్పినా చాలునట గానీ నేను రాస్తానన్నాను. నా నోటి మీద నాకిప్పుడు అంత నమ్మకం లేదు.

పెట్టె పేరు ముందుచూపు. అరచేయంత ఉంటుంది. ఆసుపత్రి పడవ వాళ్ళు వచ్చి మా పడకగది గోడకు బిగించి వెళ్ళారు. మెదడులో ఉబ్బిన రక్తనాళం పగిలి, తల కోయకుండా తొడలోంచి తీగ పంపి బాగుచేయించుకున్న ప్రతివాడి ఇంట్లోనూ ఇది ఉండాలని రూలు. ఏడాదికి వాడెలా ఉంటాడు, ఐదేళ్ళకు ఎలా ఉంటాడు, పని చేసుకు బతుకుతాడా, ఒకరి చేతి కింద బతకాలా అన్నది ఇదే చెబుతుంది. ఇది చెప్పినదాన్ని బట్టి కట్ట కమిటీ పని ఇస్తుంది. ప్రవచనం అన్న మాటను నేనొకప్పుడు చాలా భయభక్తులతో పలికేవాణ్ణి. ఇప్పుడది నా మంచం పక్కన రెండు స్క్రూలతో వేలాడుతోంది. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండాలి. మండలేదు.

నా పేరు సత్యానందం. ఏడో కరకట్ట మీద మా ఇల్లు. సముద్రం లోపలికి వచ్చాక కట్టినవాటిలో ఇది ఏడోది. మొదటి మూడూ ఇప్పుడు నీళ్ళ కిందున్నాయి. నా పని లాకు పక్కన మంచె మీద కావలి. మునుపు సైరన్లు ఉండేవి. యంత్రమే నీటిని కొలిచి యంత్రమే కూసేది. ఊరికూరికే కూసేసరికి జనం దుప్పటి చెవుల మీదికి లాక్కోవడం నేర్చుకున్నారు. మూడో కట్ట అలాగే పోయింది. అప్పట్నుంచి మా దగ్గర మనిషే పిలవాలి. పల్లపు వీధి నుంచి మొదలుపెట్టి, ఇంటిపెద్ద పేరుతో, ఒక్కొక్క ఇంటినీ బాకాలో పిలవాలి. పేరు పెట్టి పిలిస్తే గాని ఇక్కడ ఎవరూ గుమ్మం దిగరు. అందుకే ఈ పనికి వాక్యం చెప్పేవాళ్ళను పెట్టుకుంటారు.

నేను సెమినరీ గుమ్మం తొక్కినవాణ్ణి కాను. పంపులు బాగుచేసుకుంటూ, గ్రీజు చేతులతో పేజీలు తిప్పుకుంటూ వాక్యం నేర్చుకున్నాను. అయినా నేను పిలిస్తే పాలిచ్చే తల్లి బిడ్డను రొమ్ము నుంచి తీయకుండానే పరిగెత్తేది. గొప్పకు చెప్పడం లేదు. అలా జరిగేది.

నా తలలో నాళం పగిలింది ఆదివారం కూడికలో. గోడవైపు తిరిగి ఏడ్చిన రాజు కథ చెబుతున్నాను. ఇల్లు చక్కబెట్టుకో, నీకు చావు దగ్గరపడింది అని ప్రవక్త చెప్పి వెళ్ళిపోతాడు. మంచం మీదున్న రాజు గోడవైపు తిరుగుతాడు, ఏడుస్తాడు. ప్రవక్త వాకిలి దాటకముందే పైనుంచి మాట మారుతుంది. రాజుకు ఆయుష్షు కలుస్తుంది. ఆ కథ నేను చెబితే ముసలివాళ్ళు కూడా కండువాలు నోట్లో కుక్కుకునేవారు. ‘ఏడ్చాడు’ అనబోతుండగా తలలో ఎవరో తలుపు పగలగొట్టినట్టయింది. పడిపోయాను. సంఘమంతా నేను ఆత్మవశుణ్ణయ్యాననుకుని తాళాలు ఇంకా గట్టిగా వాయించింది. రెండు పాటలు అయ్యాయట. నా బావమరిది తీతు ఒక్కడే వేదిక మీదికి పరిగెత్తాడు.

“ఆత్మ దిగితే ఈయన నోరు ఊరుకుంటదా? నోరు మూసుకుని పడుండాడంటే ఏదో అయినట్టే” అన్నాడట.

ఈ మాట చెప్పుకుని ఇంటికొచ్చినవాళ్ళంతా నవ్వుతున్నారు. నవ్వే చోటు వచ్చినప్పుడు నేనూ పెదవులు లాగుతున్నాను.

నమోదు 2

డాక్టరమ్మ వచ్చింది. మెహరున్నీసా ఆమె పేరు. నా తొడలోంచి తీగ పంపింది ఆమె చెయ్యే. వెంట్రుకంత తీగను తలదాకా తీసుకెళ్ళి, నాళం సంచిలా ఉబ్బి పగిలినచోట పిచ్చుకగూడులాగా చుట్టి వదిలేశారట. ఆ చుట్ట నా తలలో ఇప్పటికీ ఉంది. ఎప్పటికీ ఉంటుంది.

పిడికిలి బిగించమంది, బిగించాను. గీత మీద నడవమంది, నడిచాను. బొమ్మలు చూపించి పేర్లు చెప్పమంది. పీత, తెడ్డు, తాళంకప్ప. అన్నీ చెప్పాను. గడియారం గీయమంది. ముళ్ళు సరిగ్గా వచ్చాయి.

ఆ తర్వాత పెట్టె, “సాక్షి ఎవరు?” అని అడిగింది.

రోగితో ఒకే ఇంట్లో ఉండే మనిషిని అది సాక్షి అంటుంది. పరీక్షలకెంత తూకమో సాక్షి మాటకూ అంతే తూకం. రోగి రాసుకునేది మాత్రం రోగి మనసు తేలికపడడానికేనట, అంచనాలోకి దాదాపు రాదట. నా భార్య సుగుణమ్మ కొంగు సర్దుకుని, సంఘంలో నిలబడ్డట్టే నిలబడింది.

“తిండి?”

“బాగా తింటన్నాడు.”

“నిద్ర?”

“పసిపిల్లాడల్లే.”

“మతిమరుపు?”

“ఈ కట్ట మీద ఎవరిదే ఇల్లో, ఎవరి తాత పేరేదో అన్నీ చెబుతాడు.”

“మునుపటిలా ఉన్నాడా?”

“ప్రభువు కృప వల్ల మునుపటికన్నా బాగున్నాడు.”

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. మా సంఘంలో సాక్ష్యానికి ఒక పద్ధతి ఉంది. స్వస్థత కోసం ప్రార్థించాక, అయిందా లేదా అని వెనక్కి తిరిగి చూసుకోకూడదు. అయిపోయినట్టే చెప్పాలి. జ్వరంతో వణుకుతూ లేచి నిలబడి, జ్వరం పోయిందని స్తోత్రం చెప్పినవాళ్ళు ఉన్నారు. మా దగ్గర దాన్ని ఎవరూ అబద్ధమనరు. విశ్వాసం అంటారు. సుగుణమ్మ దేవుడికి చెప్పినట్టే పెట్టెకు చెప్పింది.

డాక్టరమ్మ వెళ్ళాక, “మునుపటికన్నా బాగున్నానా?” అని అడిగాను.

“కూరలో ఉప్పెక్కువైనా నోరెత్తట్లా. నాకు పెళ్ళైన కాడ్నించి ఇదే మొదలు” అంది. నవ్వింది. నవ్వుతూనే నా మొహంలోకి కొంచెం ఎక్కువసేపు చూసింది.

నమోదు 3

పనులు చేస్తున్నాను. ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు. వాననీటి తొట్టి కడిగాను. ఎండబెట్టిన రొయ్యపొట్టు తిరగేశాను. చేతిపంపుకు వాషరు మార్చాను. చెయ్యి తెగి రక్తం వచ్చింది. నొప్పి తెలిసింది. అది పక్కింట్లో ఎవరికో తెలిసినట్టుగా తెలిసింది.

ఈ ఉదయం మడ అడవిలోంచి బావురుపిల్లి వచ్చింది. మా బాతు తన పిల్లలతో మెట్ల మీద ఉంది. నేను అక్కడే కూర్చుని ఉన్నాను, చేతిలో కర్ర ఉంది. పిల్లి ఒక పిల్లను నోట కరుచుకుంది. తల్లి బాతు అరిచింది. సుగుణమ్మ వంటగదిలోంచి వచ్చేసరికి పిల్లి నీళ్ళలో పడి పోతోంది.

“కర్ర చేతిలో పెట్టుకుని కూర్చున్నావేంటయ్యా. చూళ్ళేదా?”

“చూశాను.”

“చూసి?”

చూసి ఏం చేయాలో నాకు తెలుసు. తెలియడానికీ చేయడానికీ మధ్య ఇదివరకు ఏదో ఉండేది. అది ఎంత గట్టిగా తోసేదంటే, నేనే అడుగు వేస్తున్నాననుకునేవాణ్ణి.

సుగుణమ్మ మెట్ల మీద నీళ్ళు పోసి రక్తం కడిగింది. “పోన్లే. దానికీ పిల్లలుంటయ్ గదా” అంది. ఆమె బాతుల మనిషి. పిల్లులను వెనకేసుకురావడం నేనెప్పుడూ వినలేదు.

నమోదు 4

పంపుషెడ్డులో నాతో పనిచేసిన బర్నబా పోయాడు. జ్వరం. అతని పెళ్ళిలోనూ అతని కొడుకు పెళ్ళిలోనూ వాక్యం చెప్పింది నేనే. సమాధి దగ్గరా నన్నే చెప్పమన్నారు.

చెప్పాను. మాటలన్నీ వచ్చాయి. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ చెయ్యెత్తాలో అన్నీ గుర్తున్నాయి, అన్నీ చేశాను. ఎవరూ ఏడవలేదు. బర్నబా కోడలు చంకలో బిడ్డకు విసురుతూ నిలబడింది. అయ్యాక ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, “చల్లగా చెప్పావు నాయనా” అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు.

తీతు నా పక్కన నడుస్తూ చెవిలో అన్నాడు. “బావా, ఆ పడవోళ్ళు తీగైతే లాగారుగానీ కరెంటివ్వడం మర్చిపోయినట్టున్నారు.”

మునుపైతే వాణ్ణి శ్మశానంలోనే చొక్కా పట్టుకునేవాణ్ణి. “అయ్యుండొచ్చు” అన్నాను.

వాడు నడవడం ఆపేశాడు. “నేనేదో నవ్వులాటకన్నాలే బావా” అన్నాడు. “తిట్టు. ఓసారి తిట్టు.”

“ఎందుకు?”



నమోదు 5

పెట్టె అంచనా చెప్పింది. ఏడాదికి ఎవరి సాయమూ లేకుండా బతికే అవకాశం వందకు తొంభై నాలుగు. ఐదేళ్ళకు ఎనభై తొమ్మిది. పాత పనిలోకి వెళ్ళవచ్చు.

సుగుణమ్మ స్తోత్రమంది. వీధిలో పాయసం పంచారు. సాయంత్రం కట్ట కమిటీ పెద్ద ఫిలేమోను గారు బాకా తుడిపించి తెచ్చి నా ఒళ్ళో పెట్టారు.

ప్రవక్తను ఎలా పరీక్షించాలో గ్రంథంలో ఉంది. అతను చెప్పింది జరిగితే నిజమైనవాడు, జరగకపోతే కాడు. నేనూ అదే అడిగాను. ఐదేళ్ళ తర్వాత సంగతి చెప్పేవాణ్ణి ఈ రోజు ఎలా పరీక్షించడమని. ఫిలేమోను గారు నవ్వారు. “అప్పుడే ప్రసంగం మొదలెట్టావూ” అన్నారు.

“ఫిలేమోను గారూ, ఒక సంగతి చెప్పాలి. నాకు భయం రావడం లేదు.”

“మంచిదే గదా. మంచె మీద పిరికోణ్ణి ఎవరు పెట్టుకుంటారయ్యా?”

“అది కాదండీ. దేనికీ రావడం లేదు. బాతుపిల్లను పిల్లి ఎత్తుకుపోతుంటే చూస్తూ కూర్చున్నాను.”

“బాతుపిల్ల” అని సుగుణమ్మ వైపు చూశారు. ఆమె పాయసం గిన్నె కడుగుతోంది, తలెత్తలేదు. “చావు గడప దాకా పోయొచ్చినోడికి బాతుపిల్ల ఏం లెక్క. నీకు ఎనభై తొమ్మిది వచ్చింది సత్యానందం. నాకు కొలిస్తే అరవై కూడా రాదు.”

నా బదులు ఇన్నాళ్ళూ మంచె మీద ఉన్న దీవెనమ్మ తాళం ఇవ్వడానికి వచ్చింది. ఆమెది బొంగురు గొంతు. ఊరికే హడలిపోయి రెండుసార్లు జనాన్ని పైకి పరిగెత్తించిందని వీధిలో ఆమెను ఎగతాళి చేస్తారు. తాళం నా చేతిలో పడేసరికి ఆమె మొహం తేటపడింది.

“మీకేం అయ్యగారూ, దేవుడిచ్చిన గొంతు. నాకైతే ఆ నీళ్ళు చూస్తేనే వణుకు” అంది.

“ఎక్కడ వస్తుంది వణుకు?”

“ఎక్కడేంటి. మోకాళ్ళల్లో.”

ఆమె వెళ్ళాక మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. మామూలు మోకాళ్ళే.

నమోదు 6

మంచె మీద ఉన్నాను. రాసుకోవడానికి తీరిక బాగా ఉంది.

కావలివాడి గురించి గ్రంథంలో ఉన్న మాట ఈ పని మొదలుపెట్టిన రోజునే నా గుండెకు కుట్టుకున్నాను. కత్తి రావడం చూసి కూడా కావలివాడు బాకా ఊదకపోతే, చచ్చినవాడి రక్తానికి లెక్క కావలివాణ్ణే అడుగుతారు. ఆ మాట తలచుకుంటే నాకు గొంతులో తడి ఆరిపోయేది. ఇప్పుడు రోజూ పైకి చదువుతున్నాను, ఆరుతుందేమోనని. ఆరడం లేదు.

అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాను. లాకు స్తంభానికి ఎర్ర రంగు పట్టీ ఉంది. నీళ్ళు పట్టీని తాకితే పిలవాలి. భయం వచ్చినా రాకపోయినా తాకితే పిలవాలి. భయం చేసే పని పట్టీ లెక్క చేస్తుంది. లాంతరులో నూనె లేనప్పుడు తడుముకుంటూ నడవమా, అలాగన్నమాట. ఈ ఆలోచన వచ్చినప్పుడు సంతోషం కలగాలి. కలిగిందనే రాసుకుంటున్నాను.

ఇంటి పేర్లు రోజూ ఒకసారి వరసగా చెప్పుకుంటున్నాను. పల్లపు వీధిలో మొదటి ఇల్లు ఓబద్యా తాతది. ఒక కాలు సరిగా లేదు. కట్ట ఎక్కడానికి అందరికంటే ఎక్కువసేపు పడుతుంది గనక ఎప్పుడూ ఆయన్నే ముందు పిలుస్తాను. “నీ గొంతు వింటే నా కుంటికాలు కూడా లేస్తదిరా” అనేవాడు. నిన్న మంచె కిందికి కర్ర పొడుచుకుంటూ వచ్చి, “వచ్చావా? ఇక నిశ్చింతగా పడుకుంటా” అన్నాడు.

నమోదు 7

ఈ రోజు మధ్యాహ్నం నీళ్ళు వచ్చాయి.

తుఫాను లేదు. ఆకాశంలో ఉన్నది బూడిదరంగు మబ్బు ఒక్కటే. ఎక్కడో దూరాన సముద్రం లేచింది, ఇక్కడ లాకులో నీరు పైకి పాకింది. నేను వల కుట్టుకుంటున్నాను. పట్టీ కింద బెత్తెడు ఉన్నప్పుడు చూశాను. పట్టీని తాకినప్పుడు చూశాను. ఇప్పుడు పిలవాలి అనుకున్నాను. పిలవాలి అని నాకు నేను స్పష్టంగా చెప్పుకున్నాను. ఈ ముడి వేసి పిలుద్దామనుకున్నాను. వేశాను. పక్క ముడి వేశాను. పట్టీ సగం మునిగింది. కత్తి రావడం చూసిన కావలివాడి మాట గుర్తొచ్చింది, అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. దాన్ని చదువుకున్నాను. ఇంకో ముడి వేశాను.

సుగుణమ్మ క్యారేజీ పట్టుకుని నిచ్చెన ఎక్కింది. ఎక్కుతూనే స్తంభం వైపు చూసింది. పట్టీ కనిపించడం లేదు.

“ఏమయ్యా” అంది. “నీళ్ళు.”

“అవును. పిలవాలి.”

“మరి పిలవ్వేంటి?”

“పిలుస్తాను.”

ఆమె నా చేతిలోని వల లాగి కిందికి విసిరేసింది. బాకా తెచ్చి నా నోటికి ఆనించింది. అప్పుడు పిలిచాను. ఓబద్యా తాతా అని పిలిచాను. ఆ తర్వాత ఇల్లు, ఆ తర్వాత ఇల్లు. ఒక్క పేరు తప్పలేదు. గొంతు పెద్దదే, కట్టంతా వినిపించింది. జనం గుమ్మాల్లోకి వచ్చారు. అక్కడే నిలబడి మంచె వైపు చూశారు. ఒకావిడ చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి మళ్ళీ లోపలికి వెళ్ళింది. నేను రేషన్ దుకాణంలో పేర్లు పిలిచినట్టు పిలుస్తున్నాను. నా చెవికే తెలుస్తోంది. ఎలా మార్చాలో తెలియలేదు.

సుగుణమ్మ బాకా లాక్కుంది. ఆమె ఎవరి పేరూ పిలవలేదు, పేర్ల వరస ఆమెకు రాదు. “నీళ్ళొచ్చినయ్. ఈయన ఈయన కాదు. నీళ్ళొచ్చినయ్ రండర్రా” అని ఏడుస్తూ అరిచింది. ఆ ఏడుపుకు కదిలారు. పిల్లలను భుజాన వేసుకుని, మేకలను తాళ్ళతో ఈడ్చుకుంటూ పైకి వచ్చారు. తీతు మూడు ఇళ్ళ తలుపులు పగలగొట్టి ముసలివాళ్ళను మోసుకొచ్చాడు. ఆమె గొంతు చిన్నది. పల్లపు వీధి చివరిదాకా పోలేదు.

సాయంత్రానికి నీళ్ళు తీశాయి. ఓబద్యా తాత తన మంచం మీదే చనిపోయి ఉన్నాడు. దుప్పటి సరిగ్గా కప్పుకుని ఉన్నాడు.

నమోదు 8

ఫిలేమోను గారు వచ్చారు. “నువ్వు పిలిచావు. అందరూ విన్నారు. నీ తప్పేం లేదు. పెట్టె కూడా నిన్ను పనికొస్తావనే చెప్పింది” అన్నారు. ఒకే మాటను రెండు మూడు రకాలుగా చెప్పి, మంచినీళ్ళు తాగి వెళ్ళారు.

తాత పక్కింటాయన వరండాలో చాలాసేపు కూర్చున్నాడు. చివరికి చెప్పాడు. తన పేరు వినగానే తాత లేచి కూర్చున్నాడట. కర్ర కూడా అందుకున్నాడట. కాసేపు చెవి పెట్టి విని, కర్ర పక్కన పెట్టేశాడట.

“‘సత్యానందం గొంతు ఇది కాదురా. నిజంగా నీళ్ళొస్తే వాడిట్టా పిలవడు. ఇది ఊరికే పరీక్ష పిలుపు’ అన్నాడు. ‘నువ్వు పద, చూసొచ్చి చెప్పు’ అన్నాడు.”

ఆయన లేచి వెళ్ళేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేశాడు. నన్ను ఎవరైనా కొడితే బాగుండునని ఇది రాస్తున్నప్పుడు అనిపించింది. నిజంగా అనిపించిందో, ఇలాంటప్పుడు అలా అనిపిస్తుందని తెలిసి రాశానో చెప్పలేను.

తాళం తీసుకెళ్ళి దీవెనమ్మకు ఇచ్చాను. వద్దంది. నీళ్ళు ఎంతవరకు వచ్చాయో, నేను ఏం చూశానో, చూసి ఏం చేశానో చెప్పాను. మోకాళ్ళు వణకడం చీరలోంచి కనిపించింది. “ఆ వణుకు చాలమ్మా. పేర్ల వరస తడబడితే నేను అందిస్తాను” అన్నాను.

నమోదు 9

డాక్టరమ్మను నేనే కబురుపెట్టి పిలిపించాను. మళ్ళీ పిడికిలి బిగించమంది, గీత మీద నడవమంది. బొమ్మల్లో పీత, తెడ్డు, తాళంకప్ప. అన్నీ సరిగ్గా వచ్చాయి. ఆమె పెట్టె ముందు కుర్చీ వేసుకుని చాలాసేపు ఏదో చూసింది.

“అయ్యగారూ, ఎనిమిదో కట్టలో కూడా ఈ తీగలు వేసింది నేనే. ఇదే తీగ, ఇదే చెయ్యి. అక్కడ ప్రతి ముగ్గురు సాక్షుల్లో ఒకరు, మా మనిషి మునుపటిలా లేడండీ అంటారు. కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి గానీ మనిషి వేరేగా ఉన్నాడంటారు. మీ కట్ట మీద ఇన్నేళ్ళలో ఆ మాట ఒక్కరూ అనలేదు. మీ నీళ్ళ మహిమేమో అనుకునేదాన్ని” అంది. “ఈ పెట్టె మీరు చెప్పిందే నేర్చుకుంటుంది. ఏడో కట్ట మనిషి కనబడితే చాలు, ముందే నాలుగు మార్కులు ఎక్కువ వేస్తోంది.”

సుగుణమ్మ తలుపు దగ్గర నిలబడి వింటోంది. “అంటే నేను అబద్ధమాడానంటారా?” అంది.

“అలా అనలేదమ్మా.”

“ప్రార్థన చేసి చెప్పా. విశ్వాసంతో చెప్పా. మా సంఘంలో ఎవర్నన్నా అడగండి, ఇట్టానే చెబుతారు. లేదని చెబితే వచ్చేదాన్ని నా చేత్తో నేనే తోసేసినట్టు గదా?”

“మీరు ప్రార్థనలో ఏమైనా చెప్పుకోండమ్మా. మీ దేవుడికి ఉన్నదేదో లేనిదేదో తెలుస్తుంది. దీనికి తెలియదు. దీనికి మీరు చెప్పిందే లోకం.”

సుగుణమ్మ నావైపు చూసింది. తగాదా వచ్చినప్పుడల్లా వాక్యంతో తీర్పు చెప్పేది నేనే గనక చూసింది. చెప్పడానికి నాలో ఏ మంటా లేదు. కాని మాటలు పెట్టినచోటే ఉన్నాయి. వెతికి తీశాను.

“దారి పక్కన కూర్చున్న గుడ్డివాడు గుర్తున్నాడా సుగుణా? నీకేం కావాలని ప్రభువు అడిగాడు. అయ్యా, నాకు కనిపిస్తోంది, నీ కృప వల్ల మునుపటికన్నా బాగా కనిపిస్తోంది అన్నాడా వాడు?”

ఆమె తలుపు వదిలి ఒక అడుగు లోపలికి వేసింది.

“చూపు కావాలన్నాడు. లేదన్నవాడికే ఇచ్చాడు.”

వాక్యం చెప్పడం మొదలుపెట్టిన ఇన్నేళ్ళలో ఇంత మెల్లగా చెప్పిన ప్రసంగం ఇదే. విన్నది ఒక్క మనిషి. ఆమె నెమ్మదిగా వచ్చి పెట్టె ముందు నిలబడింది. డాక్టరమ్మ కుర్చీ ఖాళీ చేసింది. సుగుణమ్మ కూర్చోలేదు.

పెట్టె తిండి గురించి అడిగింది. నిద్ర గురించి అడిగింది. ఆమె చెప్పింది.

“మునుపటిలా ఉన్నాడా?”

సుగుణమ్మ కొంగు సర్దుకోబోయి ఆపేసింది. కాసేపు ఆగి పెట్టె మళ్ళీ అదే గొంతుతో అడిగింది. “మునుపటిలా ఉన్నాడా?”

“లేడు” అంది సుగుణమ్మ.

ఆ తర్వాత పెట్టె ఏమీ అడగలేదు. ఆమే చెబుతూ పోయింది. “తిట్టేవాడు. పాటలో తాళం తప్పితే అందరి ముందూ నన్ను నిలబెట్టి తిట్టేవాడు. ఇంటికొచ్చి కాళ్ళు పట్టుకునేవాడు. వాక్యం చెబుతా తనే ముందు ఏడ్చేవాడు. ఈదురుగాలి లేస్తే నా చెయ్యి పట్టుకునేవాడు, వేళ్ళు విరిగిపోతయ్యేమో అన్నట్టు. ఆ మనిషి ఇంకా మీ పడవ దిగలేదమ్మా. నేను రోజూ మెట్ల దాకా వెళ్ళి చూస్తన్నా. దిగలేదు.”

అని గోడకు నుదురు ఆనించి ఏడ్చింది. పెట్టె ఉన్నది ఆ గోడకే. నేను పదిమందిలో కొన్ని వందలసార్లు చెప్పిన కథ నా ఎదురుగా జరుగుతోందని గమనించాను. గోడవైపు తిరిగి ఏడవడం అయింది. ఇక మాట మారాలి.

మారింది. “అంచనా సవరించబడింది” అంది పెట్టె. ఏడాదికి వందకు అరవై రెండు. ఐదేళ్ళకు యాభై ఒకటి. కావలి పనికి తగడు. రోజూ ఒక మనిషి తోడు కావాలి. మనసు వైద్యానికి వెంటనే పంపాలి. ఆ రాజుకు ఆయుష్షు కలిసింది. నాకు ఉన్నది తగ్గింది. గదిలో ఎవరూ స్తోత్రమనలేదు. డాక్టరమ్మ మాత్రం ఊపిరి వదిలి, “ఇప్పుడు నాకు పని దొరికింది” అంది. వచ్చే పడవలో నన్ను తీసుకెళతానంది. ఎనిమిదో కట్టలో ఇలాంటివాళ్ళు కొందరు మెల్లగా తిరిగి వచ్చారట. అందరూ కాదట. ఎవరు వస్తారో ముందే చెప్పడం దీనికింకా రాదంది, పెట్టెను చూపించి.

ఆమె వెళ్ళాక కూడా సుగుణమ్మ గోడ దగ్గరే నిలబడి ఉంది. ఆ ఏడుపు నా కోసమని నాకు తెలుసు. ఇలాంటప్పుడు మనిషి ఏం చేస్తాడో కూడా తెలుసు. ఈసారి ఇంకో ముడి వేసి వెళదామని అనుకోలేదు. లేచి ఆమె వెనక నిలబడి చెయ్యి పట్టుకున్నాను.

“గట్టిగా” అంది, తిరగకుండానే.

నొక్కాను.

“ఇంకా.”

ఇంకా నొక్కాను. అది మునుపటంత అయిందో లేదో నాకు తెలియదు. ఆమే చెప్పాలి. సాక్షి ఆమే.